పొట్టేళ్ల లెక్క

నరిన్ ఆస్పత్రిలో నా గదికి కిటికీ ఒకటే.
అందులోంచి నది కనబడదు, చప్పుడు మాత్రం వస్తుంది.
మైక్రోస్కోపు కింద గాజుపలక పెట్టి
రోజంతా లెక్కపెడతాను:
రక్తంలో ఎర్రవి, తెల్లవి,
గొర్రెల కాపరుల పేగుల్లో పురుగుల గుడ్లు.
అప్పుడప్పుడు, ఎవరూ చూడకుండా సంచిలో దాచి తెచ్చిన
చిన్న సీసాలో రేపటి మనుషులు.

ఆ రోజు వచ్చినవాడు సంచిలో దాచలేదు.
చంకలో పెట్టుకుని తెచ్చాడు.
"చలికి చస్తాయి కదా" అన్నాడు, తెలిసినవాడిలా.
తెలిసినవాడే. సూయున్‌బై.
ఈ లోయలో ఏ పొట్టేలు మందకి పనికొస్తుందో,
ఏది చలికాలం రాకముందే సంతకి పోవాలో
మైక్రోస్కోపులో చూసి చెప్పేది అతనే.

మార్చిలో వాళ్లక్క కొడుకు బడి నుంచి గవదబిళ్ళలు తెచ్చాడు.
పిల్లాడు వారం రోజులు బుగ్గలుబ్బించుకుని
మళ్లీ గంతులేశాడు.
మామయ్యకి అంటుకుంది.
ముప్పై నాలుగేళ్ల మొహం గుమ్మడికాయైతే
ఇంటిల్లిపాదీ నవ్వారు,
తనూ నవ్వబోయాడు, దవడ కదల్లేదు.
ఆరో రోజు బుగ్గలు తగ్గాయి.
జ్వరం తిరిగొచ్చింది.
వాపు కిందికి దిగింది.

ఎవరితో అంటాడు?
గుర్రం తన్నిందని చెప్పాడు వాళ్లమ్మతో.
గుర్రం తన్నితే ఊరంతా వచ్చి చూస్తుంది,
వైరస్ తన్నితే మగాడు గోడవైపు తిరిగి పడుకుంటాడు.
తువ్వాలులో మంచు చుట్టి తెచ్చినదీ
బూతులన్నీ ఓర్చుకున్నదీ భార్య నజిక్ ఒక్కతే.
నెల తిరిగేసరికి నొప్పి పోయింది.
పోతూ పోతూ కుడివైపుదాన్ని
ఎండిన ఆప్రికాట్ చేసి పోయింది.
ఇదంతా అతనే చెప్పాడు, నేను ఫారం నింపుతుంటే,
మూడో మనిషి గురించి చెప్పినట్టు.

మొదటిసారి పలక మీద నాకేమీ కనబడలేదు.
గడి గడీ వెతికాను.
రాత్రి మంచు పడ్డ మేతబయలు, ఒక్క అడుగుజాడ లేదు.
"నేనూ చూడనా?" అన్నాడు.
రోగుల్ని చూడనివ్వకూడదు. జరిగాను.
ఉన్నిటోపీ తీసి, కన్ను ఆనించి,
పలకని నాకంటే మెత్తగా జరిపాడు.
చాలాసేపు.
"ఇలాంటిదానికి చెవి మీద ఎర్రరంగు పూస్తాను నేను"
అని నవ్వాడు.
ఆ నవ్వు రాసుకోవడానికి నా ఫారంలో గడి లేదు.

నాకు తెలిసింది చెప్పాను:
జ్వరం కాగిన ఒళ్లు నెలల తరబడి ఆ పొయ్యి వెలిగించదు,
ఒక్క కణం తయారవడానికే రెండున్నర నెలలు,
ఎడమవైపుది బాగానే ఉందిగా, మళ్లీ రా.
టీకా మాట నోటిదాకా వచ్చింది, మింగేశాను.
అది చిన్నప్పుడు పడాల్సిన సూది.
అతని చిన్నప్పుడు మా లోయకి కరెంటు రావడమే పండగ,
మందుల పెట్టె ఎవరు చల్లగా ఉంచారని?

వేసవంతా అతను కొండమీద మందలతో ఉన్నాడు.
నజిక్ ఓసారి వచ్చి
ఉప్పేసి ఎండబెట్టిన పెరుగు ఉండలు ఇచ్చిపోయింది.
ఏమీ అడగలేదు.
"ఆ పిల్లాణ్ణి ఇంకా భుజాల మీద ఎక్కించుకునే తిరుగుతున్నాడు"
అంది గుమ్మం దగ్గర, అదే అసలు కబురన్నట్టు.

సెప్టెంబరు. మళ్లీ చంకలో సీసా.
ఈసారి ముందు అతన్నే చూడమన్నాను.
నది చప్పుడు.
నది చప్పుడు.
"ఒకటి" అన్నాడు.
పలక జరిపాడు.
"ఇది కుంటుతోంది. అయినా పోతోంది."
ఎక్కడో మూలన ఇంకోటి, దాని వెనక రెండు.
మొత్తం పదకొండు.

మందకి చాలవు, అతనికీ తెలుసు.
కాగితం మీద "చాలా తక్కువ" అని రాయాలి, రాశాను.
సంతకం చేసి తలెత్తేసరికి
అతనింకా కన్ను తియ్యలేదు,
వేళ్లు మడుస్తూ మళ్లీ మొదట్నుంచి లెక్కపెడుతున్నాడు,
చీకటి పడ్డాక దొడ్డి దగ్గర నిలబడి
తలుపు వెయ్యని కాపరిలా.